దారం మీద దిగే నీళ్ళు

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు, చిన్నీ, నీ వెనకాల ఎక్కడో కొళాయి కారుతున్న చప్పుడు వినిపించింది. కాసేపు నీ మాటలకంటే దాన్నే ఎక్కువ విన్నాను. "నాన్నమ్మా, ఆర్ యూ దేర్?" అని నువ్వు అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. హాలిఫాక్స్‌లో ఈ వారమంతా ఒకటే చలిగాలి అట. పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా రాత్రంతా కొళాయి సన్నగా వదిలి ఉంచమని మీ ఓనరు మెసేజ్ పెట్టాడట. ఆ చప్పుడుకి నిద్రపట్టక నీ రూమ్మేటు లేచి కట్టేస్తోందట. నువ్వు లేచి మళ్ళీ తిప్పుతున్నావట. అదే కాల్‌లో ఉన్న మీ అన్నయ్య, "ఇప్పుడు చూడు, నీళ్ళు వేస్ట్ చేస్తున్నారని నాన్నమ్మ లెక్చర్ ఇస్తుంది" అని నవ్వాడు.

నాకు ఒక మనిషి గుర్తొచ్చింది. ఆ మనిషి సంగతి ఫోన్లో చెబితే మధ్యలో మీకు ఇంకో కాల్ వస్తుంది. అందుకని రాసి పంపిస్తున్నాను. మీకు తెలుగు చదవడం రాదు గనక మీ నాన్న చదివి వినిపిస్తాడు. వాడు మధ్యలో సొంత పైత్యం కలిపితే నమ్మకండి.

ఇక్కడ సస్కటూన్‌లో మీ అత్తావాళ్ళ ఇల్లూ పక్కిల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. ఆ పక్కింట్లో ఉండే అమ్మాయికి పురుడొస్తే సాయం చేయడానికి అనంతపురం వైపు నుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఆవిడే. పేరు చెప్పను, నేనెప్పుడూ పేరు పెట్టి పిలవనూ లేదు. నేను వదినా అనేదాన్ని. ఆవిడ నన్ను "కాలవ వదినా" అనేది. మాది గోదావరి కాలవ గట్టున ఉన్న ఊరని తెలిసిన రోజునుంచీ అదే పిలుపు.

ఆవిడ మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు నేను వంటింట్లో బియ్యం కడిగి ఆ నీళ్ళు సింకులో వంచబోతుంటే ఆవిడ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఏం కాలవ వదినా, కడుగునీళ్ళు పారబోస్తాండావే!"

"మరేం చెయ్యను, తాగనా?"

"చెట్టుకు పొయ్యి. మీకు ఇంటి ముందరే పారతాంటాయి, నీళ్ళంటే మీకు లెక్క ఉండదులే" అని గిన్నె లాక్కుని, కిటికీ దగ్గర కుండీలో చలికి ముడుచుకుని కూర్చున్న మా కరివేపాకు మొక్కకి పోసింది. కొత్త మనిషి ఇంట్లోకి వచ్చి గిన్నె లాక్కుంటే కోపం రావాలి కదా. నాకు నవ్వొచ్చింది. అంతే, ఆ రోజునుంచీ పొద్దున్న కాఫీ వాళ్ళింట్లోనో మా ఇంట్లోనో కలిసే తాగాం.

ఆవిడ తన సూట్‌కేసులో ఒక స్టీలు బిందె తెచ్చుకుంది. దాని కడుపులో కందిపొడీ, చెనిగ్గింజలూ కుక్కి, మూతికి పాత చీర చుట్టి తెచ్చింది. "కెనడాలో బిందె ఎందుకమ్మా, ఎవరైనా చూస్తే నవ్వుతారు" అని కూతురు గొడవ. "నవ్వనీలే. నీళ్ళున్న చోట బిందె ల్యాకుంటే ఎట్ల?" అని ఆవిడ.

ఆ బిందెకి పని చలికాలం వచ్చాక పడింది. మైనస్ ముప్ఫై, మైనస్ నలభై పడే రోజుల్లో వాళ్ళ బేస్‌మెంట్ వంటగదిలో కొళాయి సన్నగా వదిలిపెట్టాలని అల్లుడు చెప్పాడు. ఆ కొళాయికి వచ్చే పైపు ఉత్తరం గోడ లోపల ఉంది. ఆ గోడకి అవతల ఎముకలు కొరికే గాలి. నీళ్ళు కదులుతూ ఉంటే గడ్డకట్టవు. ఆగితే గడ్డకడతాయి, గడ్డకట్టిన నీళ్ళు ఉబ్బి పైపుని చీల్చేస్తాయి. ఇదంతా ఆవిడకి అర్థమైంది. కానీ నీళ్ళని ఊరికే పోనివ్వడానికి చెయ్యి రాలేదు. రెండు రోజులు ఆ కొళాయి ముందు నిలబడి మెటికలు విరుచుకుంది. మూడో రోజు బిందె తెచ్చి కొళాయి కింద పెట్టింది.

అప్పుడు ఇంకో చిక్కు. ఖాళీ స్టీలు బిందెలో చుక్క పడితే గంట కొట్టినట్టే. ఆ బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలు ఉండేవాళ్ళు, చదువుకోవడానికి మన వైపు నుంచి వచ్చినవాళ్ళు. కాలేజీ, ఆపైన షాపుల్లో షిఫ్టులు. ఎవరు ఎప్పుడు నిద్రపోతారో దేవుడికే తెలియాలి. ఆవిడ తన నూలు చీర అంచునుంచి ఒక దారం లాగి, కొళాయి మూతికి కట్టి, ఆ కొస బిందెలోకి వదిలింది. నీళ్ళు ఆ దారం పట్టుకుని జారుతూ దిగేవి. చప్పుడే లేదు. దగ్గరికెళ్ళి చూస్తే దారం తళుక్కుమనేది, అంతే.

పొద్దున్నే ఆ బిందె చంకనెత్తుకుని పైకి తెచ్చేది. ఆ నీళ్ళతోనే పప్పు నానేది, అన్నం ఉడికేది, వంటగది నేల తుడుపు అయ్యేది. మిగిలితే మా కరివేపాకుకి. "నీళ్ళు పోనిచ్చేది నేర్చుకునేదానికి నాకు అరవై ఏండ్లు పట్టె వదినా" అనేది మెట్లెక్కుతూ, ఆయాసపడుతూ.

సాయంత్రం అయిందంటే ఆవిడకి ఒక తిరుగుడు ఉండేది. కింద వంటగదిలో సింకు కింది అర తలుపులు రెండూ బార్లా తెరిచిపెట్టేది, గదిలో వెచ్చదనం పైపు దాకా పోవాలని. తర్వాత అరచెయ్యి ఉత్తరం గోడ మీద ఆనించి కళ్ళు మూసుకునేది. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూస్తామే, అలా. మరీ చల్లగా ఉంటే, "ఈ పొద్దు దీనికి బాగలేదు" అని ఇంకాస్త తిప్పేది. ఆ నలుగురు అమ్మాయిలూ ఆవిడని పెద్దమ్మా అనేవాళ్ళు. వాళ్ళు కూడా వస్తూ పోతూ ఆ గోడ మీద చెయ్యేసి, "పెద్దమ్మా, ఇవాళ నార్మల్" అని రిపోర్టు ఇచ్చేవాళ్ళు.

ఆవిడలో నన్ను ఎక్కువ నవ్వించింది మాత్రం అల్లుడితో ఆవిడ పద్ధతి. మీకిది వింతగా ఉంటుంది. మా తరంలో కొన్ని ఇళ్ళల్లో అత్తగారు అల్లుడి ఎదురుగా నిలబడదు, నేరుగా మాట్లాడదు. గౌరవం. ఊళ్ళో అయితే సరే, గదులు ఎక్కువ, గుమ్మాలు ఎక్కువ. ఇక్కడ ఒక్క వంటగదిలో ఇద్దరూ తిరగాలి. అతను ఫ్రిజ్ తలుపు తీస్తే ఈవిడ కొంగు భుజాల మీదికి లాక్కుని సరుకుల గదిలోకి దూరేది. మరి చెప్పాల్సినవి ఎలా చెప్పుకునేవాళ్ళు? ఉయ్యాల్లో ఉన్న పసిపాపతో.

"పాపా, మీ నాయన పొద్దున టిఫిను తినకనే పోతాండాడు, కడుపు ఏం కావాల?" అనేది ఈవిడ సరుకుల గదిలోంచి.

"బంగారూ, మీటింగ్ ఉందని అమ్మమ్మకి చెప్పమ్మా" అనేవాడు అతను ఉయ్యాల మీదికి వంగి.

"మీటింగు తింటే కడుపు నిండుతుందేమో అడుగు పాపా."

పాప బొటనవేలు చీక్కుంటూ ఇద్దరి ఉత్తరాలూ బట్వాడా చేసేది. అతను చెడ్డవాడు కాడు సుమా. నెమ్మదైన మనిషి. ఇంటి అప్పు మీద ఉంది, పసిబిడ్డ ఉంది, భయం ఉంది. చలికాలానికి ముందే ఆ కింది వంటగదిలో పైపు అతుకు కారి గోడంతా నెమ్మెక్కింది. గోడ పలక కోసి బాగుచేయించాడు. అప్పుడే ఆ అమ్మాయిలతో చెప్పాడు, ఇంకోసారి నీళ్ళ గొడవ వస్తే మాత్రం బేస్‌మెంట్ ఖాళీ చేయించేస్తానని, ఆ అద్దే వద్దు ఆ తలనొప్పే వద్దని.

ఆ ఏళ్ళల్లో ఖాళీ చేయమంటే ఏమిటో మీకు తెలీదు. అప్పటికి మీరు చిన్నవాళ్ళు. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులవి. యూనివర్సిటీ బస్సెక్కితే తెలుగే వినపడేది. గది కోసం ముందు ఫోన్లు, తర్వాత బతిమాలుకోవడాలు, తర్వాత ఎవరి హాల్లోనో సోఫా మీద పడుకోవడాలు. నడి చలికాలంలో నలుగురు ఆడపిల్లలకి కలిపి ఒకచోట గది దొరకడమంటే జరిగే పని కాదు.

ఒకరోజు పొద్దున్న, స్కూలు బస్సులు కూడా తిరగనంత చలి, మా తలుపు దబదబా బాదుతూ ఆవిడ వచ్చింది. కోటు లేదు. చీర మీద అల్లుడి స్వెట్టరు.

"వదినా, నీ కూతురు తల ఆరబెట్టుకునే మిషను తీసుకుని రా. కింద నీళ్ళు రాల్యా."

హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని నేనూ, ఫోన్ పట్టుకుని మీ అత్తా పరిగెత్తాం. కింద కొళాయి పూర్తిగా తిప్పి ఉంది, చుక్క లేదు. బిందె అంచుదాకా నిండి ఉంది. మౌనిక అని పాలమూరు అమ్మాయి, ఆ నలుగురిలో చిన్నది, మెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది.

"నేనే బంద్ చేసిన పెద్దమ్మా. షిఫ్టు నుంచి వచ్చేసరికి బిందె నిండి పొర్లుతున్నది. ఊకె నీళ్ళు పోతుంటే పాణం ఒప్పలే. మా అమ్మ ట్యాంకర్ కాడ లైన్ల నిలవడుడు యాదికొచ్చింది. జర సేపు బంద్ చేసి బిందె ఒంపుదామనుకున్న. మంచం మీద ఒరిగిన, అట్లనే నిద్ర పట్టింది."

మిగతా ముగ్గురిలో ఒకమ్మాయి పొయ్యి మీద నీళ్ళు మరిగించి తెచ్చి పైపు మీద పోయబోయింది. పెద్దావిడ అడ్డం పడింది.

"పసిబిడ్డకు మసిలే నీళ్ళు పోస్తారా ఎవురైనా? ఆ పక్కన పెట్టు!"

మీ అత్త ఫోన్లో చదివి చెబుతోంది. మంట చూపించకూడదట. మరిగే నీళ్ళు పోయకూడదట. కొళాయి తెరిచి ఉంచి, కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి గోడ వైపుకి మెల్లగా వేడి చేసుకుంటూ పోవాలట. లోపల కరిగిన నీళ్ళకి బయటికి దారి ఉండాలి కదా. ఈలోగా పైపు పగిలి ఉంటే వెంటనే కట్టేయడానికి ఇంటికంతటికీ నీళ్ళు వచ్చే వాల్వ్ దగ్గర ఒకరు ఉండాలట. ఒకమ్మాయిని అక్కడ నిలబెట్టాం.

పెద్దావిడ అంతా విని తలాడించింది. "అంతే కదా. ముందు దారి ఇయ్యాల. తర్వాత వేడి ఇయ్యాల" అంది. అని మౌనిక వైపు తిరిగి, "లేయ్ పాపా. ఏడ్చేది తర్వాత ఏడుద్దువు. ఆ మిషను పట్టుకో" అంది.

రిపేరుకి కోసిన గోడ పలక అప్పటికి ఇంకా గట్టిగా బిగించలేదు. దాన్ని తీసి, కూర్చున్నాం. మౌనిక నేను తెచ్చిన డ్రయ్యర్, నేను ఆ అమ్మాయిలదొకటి. పెద్దావిడ తువ్వాళ్ళు గోరువెచ్చగా కాచిన బిందె నీళ్ళలో ముంచి, పిండి, పైపుకి చుట్టేది, చల్లారితే మార్చేది. ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

"మా ఊర్లో అయ్యుంటే నీకు మెచ్చుకోలు పడేది తెలుసా" అంది పెద్దావిడ తువ్వాలు పిండుతూ. "పొర్లే కొళాయి చూసి కట్టకుండా పోయే ఆడపిల్లను ఎవురు చేసుకుంటారు?"

"ఇది మీ ఊరు కాదు కద పెద్దమ్మా. అందరం రోడ్డు మీద పడ్తం నా మూలంగ."

"బిందె పెట్టింది ఎవురు? నిండేది చూసుకోకుండా పండుకునింది ఎవురు? నీ కంటికి పొర్లే బిందె చూపించింది నేనే. సగం నాకు ఇడ్సిపెట్టు."

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

చాలాసేపటికి కొళాయి దగ్గింది. గుక్కెడు గాలి ఊదింది. తుప్పు రంగు నీళ్ళు కక్కింది. తర్వాత సన్నగా, తెల్లగా నీళ్ళు. అసలు పరీక్ష అప్పుడే. గడ్డ కరిగి నీళ్ళు కదిలాకే కదా పైపు పగిలిందో లేదో తెలిసేది. పెద్దావిడ పైకెళ్ళి బియ్యప్పిండి డబ్బా తెచ్చింది. పైపు అతుకులన్నిటికీ పొడిగా అద్దింది. గోడ సందులో, కింద నేల మీద, ముగ్గుకి చల్లినట్టు పలచగా చల్లింది. ఒక్క చుక్క రాలినా తెల్ల పిండి మీద మచ్చ పడుతుంది. ఫోన్లో ఇది లేదు. ఇది ఆవిడ సొంతం. అందరం ఆ పిండి చుట్టూ గొంతుక్కూచుని చూశాం. అక్కడేదో దేవుడు వెలుస్తాడన్నట్టు.

మచ్చ పడలేదు.

అప్పుడే పైనుంచి అల్లుడు దిగాడు. నేలంతా పిండి, తడి తువ్వాళ్ళు, తీసిన గోడ పలక. అతని ముఖం పాలిపోయింది. పెద్దావిడ అలవాటుగా చప్పున కొంగు లాక్కుని, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్న గది తలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

అతను అరవలేదు. నెమ్మదిగానే అన్నాడు. "చూడండమ్మా, నేను ముందే చెప్పాను కదా. గోడ లోపల ఇంకా ఏమైందో ఏమో. చిన్నపిల్ల ఉన్న ఇల్లు. నావల్ల కాదు. నెలాఖరుకి వేరే చోటు చూసుకోండి."

మౌనిక చేతిలో డ్రయ్యర్ ఇంకా తిరుగుతూనే ఉంది, ఆపడం కూడా మర్చిపోయింది. నేను బయటిదాన్ని, నేనేమనను? ఫర్నేస్ గది తలుపు వైపు చూశాను. తలుపు కింద ఆవిడ పాదాలు కనపడుతున్నాయి. ఒక అడుగు ముందుకి వేసి, వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది.

బయటికి వచ్చింది. కొంగు నిండుగా కప్పుకుని, వచ్చి అతని ఎదురుగా నిలబడింది. చూపు మాత్రం అతని చొక్కా గుండీ మీదే ఉంది.

"అల్లుడుగారూ."

ఆ ఇంట్లో ఆ పిలుపు అదే మొదటిసారి.

"ఈ పిల్లోళ్ళను పంపిస్తారు. బాగుండాది. తర్వాత ఈడ ఎవురుంటారు? ఎవురూ ల్యాకుంటే హీటు తగ్గిస్తారు. కొళాయి తిప్పేవాళ్ళు ఉండరు. ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళు ఉండరు. పైపులు పగిలేది ఖాళీ ఇండ్లల్లోనే అల్లుడుగారూ. మనుషులు మసలతాంటేనే నీళ్ళు మసలేది. వీళ్ళను పంపించి మీరు దేన్ని కాపాడుకుంటారో నాకు అర్థం కాల్యా." నేల మీదికి చెయ్యి చూపించింది. "పైపు పగల్యా, చూడండి, పిండి పొడిగా ఉండాది. బిందె పెట్టింది నేను. ఎవురినన్నా పంపించాలంటే నన్ను మా ఊరికి పంపించండి."

అతను బదులు చెప్పడానికి అలవాటు కొద్దీ అటూ ఇటూ చూశాడు, చిన్నీ. పాప కోసం. పాప పైన వాళ్ళమ్మ దగ్గర ఉంది. అక్కడ ఉయ్యాల లేదు, బట్వాడా చేసేవాళ్ళు లేరు. అతను ఒంగి, నేల మీది పిండిని వేలితో తాకి చూశాడు. పొడిగానే ఉంది. లేచి, పిండి అంటిన వేలిని ప్యాంటుకి తుడుచుకుని, మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశాడు.

"సరే అత్తయ్యగారూ" అన్నాడు. చూపు కిందికి దించి, "స్వెట్టర్ నాదేనాండీ?" అన్నాడు.

అమ్మాయిలు ఫక్కుమన్నారు. ఆవిడ తన వంటి మీద చూసుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మళ్ళీ ఫర్నేస్ గదిలోకి పరుగు.

ఆ వారాంతంలోనే అతను షాపు నుంచి పైపులకి తొడిగే నల్లటి మెత్తటి తొడుగులు తెచ్చాడు. ఆ గోడలోనూ మెట్ల కిందా పైపులన్నిటికీ తొడిగాడు. ఆవిడ తలుపు చాటు నుంచి, "అట్ల కాదు, మూల కాడ సందు కనపడతాంది, ఆడే కదా చలి దూరేది" అని చెబుతోంది. అతను "ఇక్కడాండీ అత్తయ్యగారూ?" అని అడుగుతున్నాడు. మధ్యలో పాప లేకుండానే. తలుపు మాత్రం ఉంది. తలుపు ఆఖరిదాకా ఉంది. ఎదురుగా నిలబడి మాట్లాడటం ఆ ఒక్కసారే.

అమ్మాయిలు చదువయ్యేదాకా అక్కడే ఉన్నారు. మౌనిక ఇప్పుడు టొరంటో దగ్గర ఏజాక్స్‌లో ఉద్యోగం చేస్తోంది, పండగలకి ఫోన్ చేస్తుంది. పెద్దావిడ ఎండలు ముదిరాక ఊరికి వెళ్ళిపోయింది. బిందె మోయలేనని వదిలేసి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతి చలికాలం వీడియో కాల్‌లో ఆవిడ కూతురిని అడగాల్సినవన్నీ అడిగి, చివర్లో, "అల్లుడుగారికి ఇయ్యి" అనేదట. ఫోన్ అతని చేతికి వచ్చాక ముఖం పక్కకి తిప్పుకుని ఒకటే మాట.

"కొళాయి వదిలినారా?"

అతను ఫోన్ పట్టుకుని కిందికి దిగి చూపించేవాడట. వాళ్ళిద్దరి మధ్యా అంతకంటే మాటలు ఎప్పుడూ లేవు. వాళ్ళకి అంతే సరిపోయింది.

పోయిన వేసవిలో అతనే మా తలుపు కొట్టాడు. ఆవిడ కూతురు కదిలే స్థితిలో లేదు, మాకు చెప్పడానికి అతను వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "అత్తయ్యగారు పోయారండీ" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మా వంటగది కిటికీలో కరివేపాకు కుండీ వైపు చూసి, వెళ్ళిపోయాడు.

ఈ చలికాలం మొదటి మైనస్ ముప్ఫై పడ్డ రోజు నేను వాళ్ళింటికి కరివేపాకు ఇవ్వడానికి వెళ్ళాను. అతను కింద ఉన్నాడంటే దిగాను. సింకు కింది తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బిందె పెట్టి ఉంది. అతను తెల్ల నూలు దారం ఒకటి కొళాయి మూతికి కట్టడానికి తంటాలు పడుతున్నాడు. లావు వేళ్ళు, ముడి నిలవడం లేదు. నేను కడతానంటే, "వద్దండీ, వస్తుంది నాకు" అన్నాడు. కట్టాడు. కట్టి, చెయ్యి తుడుచుకుని, అరచెయ్యి గోడకి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. నేను చప్పుడు చేయకుండా పైకి వచ్చేశాను.

అందుకే, చిన్నీ, కొళాయి ఆపమని నీకు నేను చెప్పను. మీ రూమ్మేటుతో గొడవ కూడా పెట్టుకోకు. పాపం, ఆ అమ్మాయికీ పొద్దున్నే పనికి వెళ్ళాలి కదా. ఒక నూలు దారం తీసుకో, నైలాన్ వద్దు, నీళ్ళు దాన్ని పట్టుకుని దిగవు. కొళాయి మూతికి కట్టి, కొస గిన్నెలోకి వదులు. గిన్నె నిండేది చూసుకో. పొద్దున్న ఆ నీళ్ళు నీ మొక్కకి పొయ్యి, నీకో మొక్క ఉందన్నావుగా.

వచ్చే ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను నీ వెనకాల చప్పుడు కోసం వింటాను. ఏమీ వినపడకపోతే కట్టేశావేమోనని కంగారుపడను. దారం కట్టావనుకుంటాను.